విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం: కుదురుకొనుట వెనుక ఉన్న శాస్త్రం

నారుమడిలో పెరిగిన వరి మొక్కను పీకి పొలంలో నాటినప్పుడు ఏమి జరుగుతుందో మన పల్లెల్లో పిల్లలకు సైతం తెలుసు. నిన్నటిదాకా నిగనిగలాడిన నారు వాడిపోతుంది; ఆకు కొనలు పాలిపోతాయి. వారం పది రోజులపాటు అది పెరుగుతున్నట్లే కనిపించదు. ఇందుకు కారణమేమి? పీకేటప్పుడు మొక్క సన్నని వేళ్ళు చాలావరకు తెగిపోతాయి. ఆకులు మాత్రం ఎప్పటివలెనే నీటిని ఆవిరి రూపంలో బయటికి వదులుతూనే ఉంటాయి. అంటే ఖర్చు మునుపటంతే ఉన్నది గాని, రాబడి తగ్గిపోయింది. కొత్త వేళ్ళు పుట్టి మట్టిని పట్టుకొన్న తరువాత గాని మొక్క తేరుకోదు. అప్పుడు రైతు “నాటు కుదురుకున్నది” అంటాడు. ఈ వాడిపోవటం తెగులు కాదు, విత్తనంలోని లోపమూ కాదు. ఇది తెలియనివాడు తొందరపడి మొక్క చచ్చిపోయిందని పీకి పారవేస్తే, పండవలసిన పైరును చేతులారా పోగొట్టుకొన్నవాడవుతాడు.

పాఠశాల చదువు, ఇంటర్మీడియట్ చదువు ముగించుకొని కళాశాలలోనో, విశ్వవిద్యాలయంలోనో మొదటి సంవత్సరం చేరిన విద్యార్థి స్థితి కూడా ఇట్లాంటిదే. ఊళ్ళో మంచి మార్కులతో గెలిచిన పిల్లవాడు మొదటి సెమిస్టరులో వెనుకబడతాడు. చురుకైన అమ్మాయి తరగతిలో నోరు విప్పదు. నిద్ర చెడుతుంది, ఆకలి తగ్గుతుంది, ఇంటి మీద బెంగ పుడుతుంది. మన ప్రాంతంలో దీనినే ‘రంది’ అంటారు. అప్పుడు ఆ విద్యార్థి “ఈ చదువు నాకు చేతకాదు, నేను ఇక్కడ ఉండదగినవాణ్ణి కాను” అని నిశ్చయించుకొంటే, అక్కడితో ఒక జీవితపు దారి మారిపోవచ్చును. వంశంలో మొదటిసారిగా కళాశాల మెట్లు ఎక్కినవారి విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎందుకంటే “ఇది అందరికీ వచ్చేదే, పోయేదే” అని చెప్పగలవారు వారి ఇంట్లో ఉండరు.

ఈ కష్టానికి తెలిసిన కారణాలు ఉన్నాయి. శరీర శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం వాటిని చాలావరకు విడదీసి చూపగలిగాయి. కారణం తెలిసిన కష్టానికి ఉపాయం కూడా దొరుకుతుంది.

ఎక్కడి నుండి ఎక్కడికి?

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలనే ఉదాహరణగా తీసుకొందాం. హైదరాబాదు రాజ్యపు కాలంలో ఈ రెండూ నిజామాబాదు జిల్లాలోని తాలూకాలు. 2016 అక్టోబరులో కామారెడ్డి వేరు జిల్లా అయినది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజను. కామారెడ్డి మీదుగా సికింద్రాబాదు, నిజామాబాదుల మధ్య రైలుమార్గమూ, 44వ నంబరు జాతీయ రహదారీ పోతున్నాయి. పడమటి దిక్కున ఉన్న ఎల్లారెడ్డికి రైలు లేదు. అక్కడివారికి బస్సే ఆధారం. నిజాంసాగర్, పోచారం జలాశయాలు ఉన్న ప్రాంతమిది. వరి, చెరకు, మొక్కజొన్న పండించే కుటుంబాలు ఎక్కువ.

ఈ రెండు ఊళ్ళ చుట్టుపట్ల పల్లెల విద్యార్థికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. మొదటిది, ఇంట్లోనే ఉండి ప్రతిదినం బస్సులో డిగ్రీ కళాశాలకు పోయి రావటం. రెండవది, దగ్గరలోనే వసతిగృహంలో ఉండి చదువుకొనటం. 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయం నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఉన్నది. దాని దక్షిణ ప్రాంగణం కామారెడ్డి జిల్లాలోనే, భిక్కనూరు వద్ద ఉన్నది. మూడవది, నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాదు చేరటం. ఈ మూడు దారులలో ఇబ్బందులు వేరువేరుగా కనిపించినా, వాటి మూలాలు ఒక్కటే. ఇంట్లో నుండి పోయి వచ్చేవారికి మార్పు లేదనుకొనుట పొరపాటు. ఇల్లు మారకపోయినా వారి చదువు మారిపోతుంది.

దాటవలసిన మూడు మెట్లు

ఫ్రాన్సు దేశపు మానవజాతి శాస్త్రజ్ఞుడు ఆర్నల్డ్ వాన్ జెనెప్ 1909లో ఒక గ్రంథం ప్రకటించాడు. మనిషి ఒక దశ నుండి మరొక దశకు మారేటప్పుడు ప్రతి సమాజంలోనూ జరిగే ఆచారాలను ఆయన పరిశీలించి, వాటిలో మూడు మెట్లు కనబడుతున్నాయన్నాడు: పాతదాని నుండి విడిపోవటం, నడిమి స్థితి, కొత్తదానిలో కలిసిపోవటం. మన పెండ్లిండ్లలో అప్పగింతలు మొదటి మెట్టు; గృహప్రవేశం చివరి మెట్టు. నడుమ ఉన్న కాలంలో ఆ పెండ్లికూతురు పూర్తిగా ఈ ఇంటిదీ కాదు, ఆ ఇంటిదీ కాదు. ఆ నడిమి కాలమే దిగులు పుట్టించేది.

అమెరికా దేశపు సమాజ శాస్త్రజ్ఞుడు విన్సెంట్ టింటో ఈ భావాన్ని కళాశాల విద్యార్థులకు అన్వయించాడు. చదువు నడుమ మానివేసే వారిలో అనేకులు తెలివి చాలక మానటం లేదనీ, పాత జీవితం నుండి విడివడి కొత్త జీవితంలో ఇంకా కలియని సంధికాలంలో జారిపోతున్నారనీ ఆయన చూపాడు. అయితే కలిసిపోవటమంటే ఇంటిని మరచిపోవటం అని అర్థం చేసుకోరాదు. తరువాతి పరిశోధకులు ఈ విషయాన్ని సవరించి చెప్పారు: ఇంటితో, ఊరితో అనుబంధాన్ని నిలుపుకొన్న విద్యార్థికి అదే బలమవుతుంది. కావలసినది పాత వేరును నరకటం కాదు, కొత్త వేరు వేయటం.

గంట కొట్టని చోట

పాఠశాలలో కాలాన్ని విద్యార్థి నడపడు, గంట నడుపుతుంది. ప్రార్థనకు గంట, తరగతికి గంట, భోజనానికి గంట. గురుకులాలలోను, ఇంటర్మీడియట్ కళాశాలల వసతిగృహాలలోను తెల్లవారుజామున లేపేవారు కూడా ఉంటారు. ఏది చదవవలెనో, ఎప్పుడు చదవవలెనో, ఎన్నిసార్లు రాయవలెనో ఇతరులే నిర్ణయిస్తారు. విశ్వవిద్యాలయంలో ఆ గంట ఆగిపోతుంది. అధ్యాపకుడు ఒక గంటసేపు ఉపన్యసించి వెళ్ళిపోతాడు. “రేపు అప్పచెప్పు” అనేవారు ఉండరు. ఈ స్వేచ్ఛ మొదటి నెలలో పండుగవలె ఉంటుంది. పరీక్షలు దగ్గరపడేసరికి అదే భారమవుతుంది.

తెలంగాణ డిగ్రీ కళాశాలలలో 2016 నుండి సెమిస్టరు, క్రెడిట్ పద్ధతి అమలులోకి వచ్చింది. సాధారణంగా ఒక సెమిస్టరు పొడుగునా వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్‌తో సమానం. సంవత్సరాంతాన ఒకే పరీక్ష ఉండే కాలంలో ఆలస్యంగా మేలుకొన్నవాడు కూడా బయటపడేవాడు. సెమిస్టరు పద్ధతిలో పదిహేను, పదహారు వారాలే ఉంటాయి. మొదటి నెల ఊరికే జారిపోతే నాలుగవ వంతు పోయినట్లే.

ఈ సంగతిని లెక్క వేసి చూద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున నిద్రకు 56 గంటలు. తరగతులకు, ప్రయోగశాలకు 30 గంటలు. స్నానం, భోజనం, బట్టలు, ఇంటి పనులకు రోజుకు 4 గంటల చొప్పున 28 గంటలు. ఇవి మొత్తం 114 గంటలు. వసతిగృహంలో ఉన్న విద్యార్థికి ఇంకా 54 గంటలు మిగులుతాయి. ఎల్లారెడ్డి వైపు పల్లె నుండి కామారెడ్డికి దినదినం వచ్చిపోయే విద్యార్థికి ప్రయాణం రోజుకు రెండున్నర గంటలు అనుకొంటే, ఆరు రోజులకు 15 గంటలు అందులోనుండి పోతాయి, మిగిలేవి 39. తరగతిలో విన్న ప్రతి గంటకు బయట ఒక గంట స్వయంగా చదవవలెనని పెట్టుకొంటే 30 గంటలు కావలె. అంటే బస్సులో పోయి వచ్చేవానికి ఆటకు, విశ్రాంతికి, స్నేహితులకు వారమంతా కలిపి 9 గంటలే దక్కుతాయి. కనుక అతడు ఆ 15 గంటల ప్రయాణ కాలాన్నే చదువుకు వాడుకొనే ఉపాయం వెదకవలె. ఆ ఉపాయం ఉన్నది. ముందు ముందు చూద్దాం.

విద్యార్థి మొదటి వారంలోనే ఇట్లాంటి లెక్క తన జీవితానికి వేసుకొని, ఒక కాగితం మీద గీసుకొని గోడకు అంటించుకొనుట మంచిది. బయటి గంట ఆగిపోయిన చోట తన గంటను తానే కొట్టుకొనవలె.

శరీరంలోని గడియారం

మనలో ప్రతి ఒక్కరి శరీరంలోను ఒక గడియారం ఉన్నది. మెదడు అడుగుభాగాన, కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కొంచెం పైగా, హైపోథాలమస్ అనే భాగంలో ఉన్న ఒక చిన్న కణసముదాయం దీనిని నడుపుతుంది. కణాలలోపల ఈ గడియారం ఎట్లా పనిచేస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. మనిషిలోని ఈ గడియారం సరిగా 24 గంటలు కాదు. సగటున దానికంటె కొద్ది నిమిషాలు ఎక్కువ. అందువల్ల ప్రతిదినం దానిని దిద్దవలసి ఉన్నది. దిద్దేది ఉదయపు వెలుతురు. చీకటి పడినప్పుడు మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. అది శరీరానికి రాత్రి అయినదని తెలుపుతుంది.

యౌవనంలో ఈ గడియారం వెనుకకు జరుగుతుంది. పదమూడు, పద్నాలుగేండ్ల నుండి సుమారు ఇరవై ఏండ్ల దాకా పిల్లలకు రాత్రి ఆలస్యంగా నిద్ర రావటం, ఉదయం లేవలేకపోవటం సహజం. దీనిని పెద్దలు కేవలం సోమరితనమని తిట్టుట సరికాదు. అయితే ఇంట్లో “ఇక దీపం ఆర్పి పడుకో బిడ్డా” అనే అమ్మ మాట ఈ జారుడును అడ్డుకొనేది. వసతిగృహంలో ఆ మాట లేదు. పైగా అర్ధరాత్రి దాకా ముఖానికి దగ్గరగా వెలిగే సెల్‌ఫోను ఉన్నది. ఆ వెలుతురు కంటిలో పడి మెలటోనిన్ విడుదలను ఆలస్యం చేస్తుంది. గడియారం ఇంకా వెనుకకు జారుతుంది. ఉదయం తరగతి తప్పుతుంది.

నిద్ర తగ్గితే పోయేది ఆ ఒక్క తరగతి మాత్రమే కాదు. 1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. అర్థం లేని అక్షర సముదాయాలను నేర్చుకొన్న తరువాత నిద్రపోయినవారు, అంతే కాలం మేలుకొని ఉన్నవారికంటె వాటిని ఎక్కువగా జ్ఞాపకం ఉంచుకొన్నారు. పగలు నేర్చిన విషయాలను మెదడు నిద్రలో స్థిరపరచుకొంటుందని ఆ తరువాతి పరిశోధనలు కూడా బలపరచాయి. కనుక పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకొని చదవటమంటే, ధాన్యాన్ని కల్లం దాకా తెచ్చి గాదెలో పోయకుండా వదలివేయటం. పద్దెనిమిది ఏండ్లు నిండినవారికి కనీసం 7 గంటల నిద్ర, అంతకు చిన్నవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుతున్నారు.

ఉపాయం కష్టమైనది కాదు. సెలవునాడు సహా ప్రతిదినం ఒకే వేళకు లేవటం. లేచిన వెంటనే అరగంటసేపు బయటి వెలుతురులో తిరగటం. పడుకొనే గంట ముందు ఫోనును చేతికి అందని దూరంలో పెట్టటం. ఈ మూడు అలవాట్లూ రెండు వారాలు పాటించి చూస్తే తేడా తెలియగలదు.

చదివినది ఎందుకు నిలువదు?

జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో తన జ్ఞాపకశక్తినే తాను కొలుచుకొన్నాడు. అర్థం లేని పదాల వరుసలను కంఠస్థం చేసి, కొంతకాలం తరువాత మళ్ళీ నేర్చుకొనేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయినదో లెక్కకట్టాడు. 20 నిమిషాల తరువాత 58 శాతం, గంట తరువాత 44 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, 31 రోజుల తరువాత 21 శాతం ఆదా కనిపించింది. ఈ అంకెలలో గమనించవలసినది ఒకటి ఉన్నది. మరపు మొదటి గంటలోనే వేగంగా సాగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. అర్థమున్న పాఠం ఇంతకంటె బాగా నిలుస్తుంది గాని, మరపు స్వభావం ఇదే. కాబట్టి ఉదయం విన్న పాఠాన్ని ఆనాడే ఒకసారి మననం చేసుకొనుట మేలు.

మరి మననం ఎట్లా చేయవలె? విద్యార్థులు చాలామంది పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతారు. 2006లో అమెరికాలోని రోడిగర్, కార్పికే అనే శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగం ఈ అలవాటును ప్రశ్నించింది. ఒక జట్టు ఒక చిన్న పాఠ్యభాగాన్ని నాలుగుసార్లు చదివింది. మరొక జట్టు ఒకసారి చదివి, పుస్తకం మూసి, జ్ఞాపకమున్నంతవరకు మూడుసార్లు రాసింది. 5 నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగుసార్లు చదివినవారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం జ్ఞాపకమున్నది. చదివినవారే గెలిచారు! కాని వారం తరువాత పరీక్షిస్తే సంగతి తారుమారైనది. చదివినవారికి 40 శాతమే మిగిలింది; పుస్తకం మూసి రాసినవారికి 61 శాతం నిలిచింది.

ఇందులో మొదటి సంవత్సరపు విద్యార్థికి ఒక హెచ్చరిక ఉన్నది. తిరిగి తిరిగి చదివినప్పుడు పాఠం పరిచయమైనట్లు తోస్తుంది. ఆ పరిచయాన్నే మనం తెలివిడి అని భ్రమపడతాం. పుస్తకం మూసినప్పుడు తడబాటు కలుగుతుంది. అది చేతకానితనమని బాధపడతాం. నిజానికి ఆ తడబాటే నేర్చుకొనుట. జ్ఞాపకాన్ని లోపలి నుండి బయటికి లాగినప్పుడల్లా దాని దారి గట్టిపడుతుంది.

బస్సులో పోయే విద్యార్థికి దొరికే ఉపాయం ఇదే. కుదుపులలో పుస్తకం చదవటం కష్టం, కాని కన్నులు మూసుకొని “ఇవాళ మొదటి గంటలో ఏమి చెప్పారు? అందులో మూడు ముఖ్యాంశాలు ఏవి? నాకు తెలియనిది ఏది?” అని తన్ను తాను ప్రశ్నించుకొనుటకు పుస్తకం అక్కరలేదు. సాయంకాలం బస్సు ఆ రోజు పాఠాలకు, ఉదయం బస్సు నిన్నటి పాఠాలకు పెట్టుకొంటే, దండుగ అనుకొన్న 15 గంటలలో సగమైనా చదువులో జమ అవుతాయి.

భాష అనే గట్టు

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి మొదటి సంవత్సరంలో ఎదురయ్యే పెద్ద గట్టు ఇంగ్లీషు. కొన్ని కోర్సులలో తెలుగు మాధ్యమం ఉన్నప్పటికీ, విజ్ఞాన శాస్త్రాలలోను, వృత్తి విద్యలలోను బోధన ప్రధానంగా ఇంగ్లీషులోనే జరుగుతున్నది.

ఈ గట్టు మనకు కొత్తది కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాష ఉర్దూ. దాని కొరకు పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుటకు ఒక అనువాద సంస్థనే నెలకొల్పారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్యను నడపవచ్చునని అది నిరూపించింది. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడి వచ్చిన పల్లె విద్యార్థికి ఉర్దూ కూడా నేర్చుకొనవలసిన భాషే. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. తెలుగులో కళాశాల పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు తయారు చేయుటకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. ఈ విధంగా మన ప్రాంతపు విద్యార్థులు తరతరాలుగా ఇంటి భాష ఒకటి, చదువు భాష ఒకటిగా నెగ్గుకొని వచ్చినవారే.

ఇక్కడ మెదడులో జరిగేది ఏమిటి? మనం ఒక మాట వింటూ దానిని గురించి ఆలోచించేటప్పుడు ఆ సమాచారాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచే ఒక చిన్న బల్ల వంటి శక్తి మెదడులో ఉన్నది. దానిని కార్యకారీ స్మృతి అనవచ్చును. దానిమీద పట్టే అంశాలు సుమారు ఏడు అని జార్జి మిల్లర్ 1956లో సూచించాడు. నాలుగింటికి మించవని తరువాతి శాస్త్రజ్ఞులు అభిప్రాయపడ్డారు. అధ్యాపకుడు ఇంగ్లీషులో వేగంగా చెప్పుతున్నప్పుడు, మాటల అర్థం వెదకటంతోనే ఆ బల్ల నిండిపోతుంది. విషయానికి చోటు మిగలదు. అందువల్ల విద్యార్థి “నాకు భౌతిక శాస్త్రం అర్థం కావటం లేదు” అనుకొంటాడు. అర్థం కానిది శాస్త్రం కాదు, దాని పేరు.

‘మొమెంటం’ అనే మాట విని బిత్తరపోయిన విద్యార్థికి ‘ద్రవ్యవేగం’ అంటే ఏమిటో బడిలోనే తెలుసు. ‘ఆక్సిలరేషన్’ అంటే త్వరణమే; ‘ఫోటోసింథసిస్’ అంటే కిరణజన్య సంయోగక్రియే. తెలిసిన మనిషి కొత్త అంగీ తొడుక్కొని వచ్చాడు, అంతే. కనుక మొదటి రెండు నెలలు ఒక చిన్న నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట, కింద తన సొంత మాటలలో ఒక వాక్యం రాసుకొనవలె. రేపటి పాఠంలో రాబోయే పది మాటలను ముందురాత్రే చూసి పోతే, తరగతిలో బల్లమీద విషయానికి చోటు దొరుకుతుంది. రోజుకు పది మాటలైతే నూరు రోజులలో వెయ్యి మాటలు. ఒక సెమిస్టరు పాఠాలను తట్టుకొనుటకు అవి మంచి పునాది.

“నేను ఇక్కడివాణ్ణేనా?”

అన్నింటికంటె లోతైన చిక్కు ఈ ప్రశ్నలో ఉన్నది. వసతిగృహంలో అందరూ హాయిగా ఉన్నట్లు కనిపిస్తారు. ప్రతివాడూ తన దిగులును దాచుకొంటాడు కనుక, ప్రతివాడూ దిగులు తనకొక్కడికే అనుకొంటాడు.

అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే శాస్త్రజ్ఞులు 2011లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. మొదటి సంవత్సరపు విద్యార్థులకు సుమారు ఒక గంటసేపు పై తరగతుల వారి అనుభవాలు చదివించారు. “మొదట్లో మాకూ ఇట్లానే ఉండేది, కొంతకాలానికి సర్దుకొన్నది” అనేది వాటి సారాంశం. ఆ తరువాత మూడేండ్లపాటు పరిశీలిస్తే, ఆ గంటసేపు కార్యక్రమంలో పాల్గొన్న నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులకూ వారికీ మధ్య ఉన్న తేడా సగానికి తగ్గింది. మారినది కష్టం కాదు. ఆ కష్టానికి విద్యార్థి చెప్పుకొన్న అర్థం.

అయితే ఇది మంత్రం కాదని కూడా తెలుసుకొనవలె. 22 విద్యాసంస్థలలో 26,000 మందికి పైగా విద్యార్థులతో జరిపిన పెద్ద పరిశీలన 2023లో వెలువడింది. సంస్థలో విద్యార్థికి కలిసిపోయే అవకాశం నిజంగా ఉన్నచోటనే ఈ ఉపాయం ఫలించిందని అందులో తేలింది. మట్టి గట్టిపడి ఉంటే వేరు దిగదు. కాబట్టి విద్యార్థి ధైర్యం ఒక్కటే చాలదు. అధ్యాపకులు, వసతిగృహాధికారులు, పై తరగతుల విద్యార్థులు చేయవలసిన పని కూడా ఉన్నది.

సీనియర్లను ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిచే వాడుక మనకు ఉన్నది. ఆ పిలుపుకు తగినట్లు నడుచుకొనుట వారి ధర్మం. ర్యాగింగు ఆట కాదు, నేరం. మన రాష్ట్రంలో దీనిని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2009లో దేశమంతటికీ నిబంధనలు చేసింది. బాధితులు 1800-180-5522 అనే జాతీయ సహాయ నంబరుకు ఫోను చేయవచ్చును. దిగులు రెండు వారాలు దాటినా తగ్గక, నిద్ర, తిండి, చదువు మూడూ చెడుతున్నప్పుడు దాచుకొనరాదు. 2022లో ప్రారంభమైన ‘టెలి మానస్’ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవను 14416 నంబరులో పిలిచి తెలుగులోనే మాట్లాడవచ్చును. జ్వరానికి వైద్యుని వద్దకు పోవటంలో సిగ్గు లేనట్లే ఇందులోనూ లేదు.

మొదటి సెమిస్టరులో ఒక పేపరు పోయినంత మాత్రాన చదువు పోయినట్లు కాదు. సెమిస్టరు పద్ధతిలో దానిని తిరిగి రాసే వీలున్నది. ఆ సంగతి తెలియక, ఇంట్లో చెప్పుకొనలేక చదువు మానుకొన్నవారి నష్టానికి వెల కట్టలేము.

ఉన్నత పాఠశాలలోనే చేయదగిన పనులు

ఈ సన్నాహమంతా విశ్వవిద్యాలయం గేటు దగ్గర మొదలుపెట్టనక్కరలేదు. నారు బలంగా ఉంటే నాటు త్వరగా కుదురుకొంటుంది. తొమ్మిది, పది తరగతుల ఉపాధ్యాయులు ఖర్చు లేకుండా చేయగల పనులు నాలుగు ఉన్నాయి.

ఒకటి: పాఠం ముగియగానే ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, జ్ఞాపకమున్నది రాయించటం. దానికి మార్కులు వేయనక్కరలేదు.

రెండు: ప్రతి పాఠానికి పారిభాషిక పదాలను రెండు భాషలలో గోడమీద రాయించటం.

మూడు: నెలకు ఒక వారం విద్యార్థులనే తమ ఇంటి చదువు పట్టిక వేసుకొమ్మని, వారం చివర ఎంత నడిచిందో లెక్క చూపమని చెప్పటం. పట్టిక తప్పినందుకు దండించరాదు; ఎక్కడ, ఎందుకు తప్పినదో గమనింపజేయవలె. తన కాలాన్ని తాను నడుపుకొనటం కూడా ఈత వంటిదే. నీటిలో దిగి నేర్చుకొనవలసినది.

నాలుగు: బతుకమ్మ, దసరా సెలవులకు ఊరికి వచ్చిన కళాశాల విద్యార్థులను బడికి పిలిచి మాట్లాడించటం. అయితే వారు తమ గెలుపులు మాత్రమే చెప్పిపోతే ప్రయోజనం తక్కువ. మొదటి మూడు నెలలలో ఏమి కష్టమైనది, ఎవరిని సహాయం అడిగారు, ఎప్పటికి సర్దుకొన్నది, ఇవి చెప్పవలె. అమెరికాలో ఒక గంటలో జరిగిన పనిని మన బడి వరండాలో కూడా చేయవచ్చును.

కొత్తగా చేరబోయే విద్యార్థి గుర్తుంచుకొనవలసినది ఇంతే. మొదటి వారాల వాడుదలను చూసి తన విత్తనాన్ని శంకించరాదు. వేళకు నిద్రపోయి, వేళకు లేచి, ఆనాటి పాఠాన్ని ఆనాడే పుస్తకం మూసి తలచుకొని, రోజుకు పది మాటలు నేర్చి, వారానికి ఒకసారి ఇంటితో మనసు విప్పి మాట్లాడి, తరగతిలో కనీసం ఇద్దరితో స్నేహం చేసి, అధ్యాపకుని ఒక ప్రశ్న అడిగే అలవాటు చేసుకొంటే, ఒక సెమిస్టరు తిరిగేసరికి కొత్త వేళ్ళు పుట్టి ఉంటాయి. ఆ తరువాత పెరగటం విద్యార్థి వంతు. నీరు పారించటం సంస్థ వంతు.